యూఫోనియానికి ఇన్‌ఛార్జి బాధ్యతలు

పదమూడో రిజర్వు పటాలం బ్యాండులో నలభై ఆరు ఇత్తడి వాద్యాలున్నాయి. వాటిలో నలభై అయిదింటి గురించి ఎవరికీ ఏ అనుమానమూ లేదు. నలభై ఆరోది యూఫోనియం. అది బ్యాండులో ఎందుకుందో పటాలం మొత్తంలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ దాన్ని వాయించే హెడ్ కానిస్టేబుల్ కొల్లి దావీదురాజు.

యూఫోనియం అంటే చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించి పట్టుకునే పెద్ద బాకా. నోరు ఆకాశం వైపు ఉంటుంది, గొంతు మాత్రం భోజనమయ్యాక పాడుకునే మగవాడి గొంతు. బ్యాండులో చిన్న బాకాలైన కార్నెట్లు పాట అందుకుంటాయి, ట్రాంబోన్లు గద్దిస్తాయి, తూబాలు నేలను అదరగొడతాయి. వీళ్లందరికీ మధ్యన కూర్చుని ఒకరితో ఒకరికి పొత్తు కుదిర్చేది యూఫోనియం. పులుసులో బెల్లంముక్క చేసే పనే అది చేస్తుంది. వేస్తే ఎవరూ గుర్తించరు, వేయకపోతే మాత్రం ఇదేం పులుసని అందరూ అడుగుతారు.

దావీదురాజు తల్లి రూతమ్మకు ఎనభై దగ్గర పడింది. కొడుకు బ్యాండులో చేరిన ఏడాది నుంచి, అంటే ముప్ఫై ఒక్కేళ్లుగా, పటాలం ఆవిర్భావ దినం పెరేడుకు తప్పకుండా వస్తుంది. సిబ్బంది కుటుంబాల కోసం వేసిన షామియానాలో ముందు వరుసలో కూర్చుంటుంది. తిరిగి ఇంటికి వెళ్లేటప్పుడు ప్రతి ఏడూ అదే ప్రశ్న వేస్తుంది.

"అంతా బాగానే ఉందిరా దావీదూ. మరి అందులో నీ మోత ఏదిరా?"

"మజ్జిలో గుఁయ్యిమంటాది సూడే అమ్మా, అదే."

"అదా? నాను తేనెటీగలనుకున్నాను."

మొదటి పదేళ్లూ ఈ మాటకు దావీదురాజు నవ్వేవాడు. తరవాత పదేళ్లూ ఊరుకున్నాడు. ఆ తరవాత నుంచి మాత్రం మనసులో ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. వచ్చే జూన్ నెలాఖరుకు అతను రిటైరవుతాడు. ఫిబ్రవరిలో వచ్చే ఆవిర్భావ దినమే అతనికి ఆఖరి పెరేడు. తల్లికీ అదే ఆఖరిది కావచ్చు. ఈసారి ఆవిడ చెవిలో కొడుకు ఊపిరి విడిగా, స్పష్టంగా, ఒక్కసారి పడి తీరాలని అతను నిశ్చయించుకున్నాడు.

బ్యాండుకు పాటలు వెతికిపెట్టేదీ, వాటిని నలభై ఆరుగురికీ పంచి రాసేదీ దావీదురాజే. ఇది చెప్పినంత తేలికైన పని కాదు. పటాలం బ్యాండు గదిలో ఒక పాత బీరువా ఉంది. దాని నిండా దొరలనాటి అచ్చు కాగితాలున్నాయి. అందులో ఏ పాట తీసినా అది ఇరవై నాలుగుమందికి రాసినదే అయివుంటుంది. నలభై ఆరుగురికి సరిపోయేది దొరికితే అందులో యూఫోనియం ఉండదు. యూఫోనియం ఉన్నది దొరికితే సరిగ్గా ఆ కాగితాన్నే చెదలు తినేసి ఉంటాయి. చెదలకు ఆ వాద్యమంటే ఎందుకంత ప్రీతో అతనికి ఎన్నడూ అంతుపట్టలేదు. అందుకని అతను ఊళ్లమ్మట తిరిగి, పెళ్లి మేళాల ముసలివాళ్లనూ, చర్చి బ్యాండులో మానేసిన వాళ్లనూ పట్టుకుని, వాళ్ల దగ్గరున్న చేతిరాత పుస్తకాలు అడిగి తెచ్చుకునేవాడు. వాటిని పెంచడం, తుంచడం, ఒకరి దగ్గర తీసి ఇంకొకరికి పెట్టడం అతని ముప్ఫై ఏళ్ల పని.

ఈసారి ఏ కాగితాల్లోనూ వెతకలేదు. తల్లి దగ్గరే తీసుకున్నాడు. వయసులో ఉండగా రూతమ్మ పదిళ్లలో వడ్లు దంచి బతికిన మనిషి. రోకలి ఎత్తి వేస్తూ పాడుకునే పాట ఒకటి ఆవిడకు ఇప్పటికీ నోట్లో ఉంది.

"ఎత్తవే రోకలి ఎత్తవే అప్పా, ఎసరు కాగేలోగ దంచాల బియ్యం."

ఆ పాటను దావీదురాజు నలభై ఆరు ఇత్తడి వాద్యాలకు రాశాడు. తూబాలు రోకటి పోట్లు వేస్తాయి. ట్రాంబోన్లు చెరుగుతాయి. కార్నెట్లు పాట అందుకుని ఊరంతా తిప్పి తెస్తాయి. సరిగ్గా మధ్యలో అందరూ ఆగిపోతారు, పదహారు బార్లపాటు యూఫోనియం ఒక్కటే పాడుతుంది. బ్యాండు వాళ్ల లెక్కలో బార్ అంటే నాలుగు దెబ్బల కొలత. పదహారు బార్లంటే ఒక్క నిమిషం. ఈ ఒక్క నిమిషం రాయడానికి అతనికి పద్నాలుగు నెలలు పట్టింది.

జనవరి మొదటి వారంలో పటాలానికి కొత్త కమాండెంట్ చక్రపాణిగారు వచ్చారు. ప్రోటోకాల్ అంటే ఆయనకు ప్రాణం. ఇంతకుముందు పనిచేసిన చోట జాగిలాల దళంలోని కుక్కలకు సీనియారిటీ జాబితా తయారుచేయించి, అన్నం గిన్నెలు ఆ వరుసలో పెట్టించిన అధికారి ఆయన. వచ్చిన మూడోరోజే బ్యాండు సాధన చూడటానికి మైదానానికి వచ్చారు. పాట మొదలై అర నిమిషం కాగానే చెయ్యెత్తారు.

"ఆగండి. ఆ పాట వాయిస్తున్నదెవరు?"

మొదటి వరుసలోంచి సిమ్మన్న ఒక అడుగు ముందుకు వేశాడు. ఉత్తరాంధ్ర మొత్తంలో అంత తియ్యగా కార్నెట్ వాయించేవాడు ఇంకొకడు లేడు.

"నీ ర్యాంకు?"

"కానిస్టేబుల్ సార్."

"ఈ బ్యాండులో నీ పైన పన్నెండుమంది హెడ్ కానిస్టేబుళ్లు, నలుగురు ఏఎస్సైలు, ఒక ఆర్.ఐ. ఉన్నారు. వాళ్లందరికంటే ముందు నీ శబ్దం నా చెవికి ఎందుకు చేరింది?"

సిమ్మన్న ఆలోచించాడు. "కార్నెట్ అలాగే ఇనబడతాది సార్."

"అలవాటు!" అన్నారు కమాండెంట్, చుట్టూ చూసి. "ఈ శాఖను పాడుచేస్తున్నది అలవాటే."

మర్నాడు మధ్యాహ్నానికి మెమో వచ్చింది. రాసినది ఆఫీసు సూపరింటెండెంట్ చయనులుగారు. ఆయన మెమోలో కామా పెడితే హైకోర్టు కూడా కదిలించలేదని పేరు. "బ్యాండు విభాగమునందు శబ్ద క్రమశిక్షణ పాటింపు గురించి" అని విషయం. ఇందుమూలముగా బ్యాండు సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఒకటి: పై అధికారి వాద్యము ప్రారంభము కానిదే కింది ఉద్యోగి వాద్యము ప్రారంభము కారాదు. రెండు: కింది ఉద్యోగి స్వరస్థాయి పై అధికారి స్వరస్థాయిని మించరాదు. మూడు: కింది ఉద్యోగి బిగ్గరగా వాయించరాదు. సదరు ఉత్తర్వులు తక్షణమే అమలులోకి వచ్చును.

దావీదురాజు ఆ కాగితం తీసుకుని నలభై ఆరు పార్టులూ ముందేసుకుని కూర్చున్నాడు. బ్యాండులో తూబాలు మోసేది నలుగురు ఏఎస్సైలు. మెమో ప్రకారం అందరికంటే పై స్థాయిలో వాళ్లే పలకాలి. కార్నెట్లు వాయించే కానిస్టేబుళ్లు తూబాల కింద పలకాలి. ఏనుగు కీచుమనాలి, పిచ్చుక ఘీంకరించాలి. ఉత్తర్వు ఉత్తర్వే కాబట్టి అతను అలాగే రాశాడు. ఏఎస్సై గురునాథం రెండు రోజులు ఆ పైస్వరం కోసం ప్రయత్నించాడు. మూడోరోజు ముక్కులోంచి రక్తం కారి సెలవు పెట్టాడు. సెలవు చీటీలో కారణం దగ్గర "ప్రమోషన్ వల్ల" అని రాశాడు.

అంతకంటే పెద్ద చిక్కు ఆర్.ఐ. పట్నాయక్‌గారితో వచ్చింది. ఆర్.ఐ. అంటే రిజర్వు ఇన్‌స్పెక్టరు, బ్యాండుకు అధిపతి. ఆయన పాతికేళ్లు వాహనాల విభాగంలో పనిచేసి, ఖాళీ ఉందని బ్యాండుకు వచ్చినవాడు. మంచి మనిషి, ఉన్నది ఉన్నట్టు చెబుతాడు.

"దావీదూ, నాకు జీపు హారన్ తప్ప ఏదీ మోగించడం రాదోయ్. నేను మొదలుపెట్టకపోతే మీరు మొదలుపెట్టడానికి వీల్లేదంటున్నారు. మరెలాగ?"

ఈ చిక్కును చయనులుగారు ఒక్క వాక్యంతో విడదీశారు. ఆర్.ఐ. గారు బేటన్ కర్ర ఊపుటయే వాద్యముగా పరిగణించవలెను. సదరు వాద్యమునకు శబ్దము లేకపోవుట ఆ అధికారి హుందాతనముగా భావించవలెను. పట్నాయక్‌గారు ఆ వివరణ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికి తీసుకెళ్లి భార్యకు చూపించారు.

దావీదురాజు భయపడ్డది ఇంకొక దానికి. అది నాలుగోరోజు వచ్చింది. పాట స్కోరును, అంటే అన్ని వాద్యాల పార్టులూ ఒకచోట రాసిన కాగితాలను, ఫైలులో పెట్టి పంపితే, చయనులుగారు చదివి, మధ్యలో ఉన్న పదహారు బార్ల చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, అతన్ని పిలిపించారు.

"ఏమయ్యా దావీదురాజూ, ఇదేమిటి? అందరూ ఊరుకుంటే నువ్వొక్కడివే వాయిస్తున్నావు?"

"సోలో అంటారండి దాన్ని."

"ఏదైనా అననీ. ఒక ఆర్.ఐ., నలుగురు ఏఎస్సైలు, నీ తోటివాళ్లు పదకొండుమంది చేతులు కట్టుకుని నించుంటే, ఒక హెడ్ కానిస్టేబులు నిమిషంపాటు గొంతెత్తడమా? సర్వీసు పరిభాషలో దీన్ని ధిక్కారం అంటారు."

"పాట అలాగుందండి."

"పాటకు సర్వీసు రూల్సు లేవయ్యా. పాడేవాడికున్నాయి."

దావీదురాజు మామూలుగా ఎదురు చెప్పే మనిషి కాదు. ఆవేళ మాత్రం కుర్చీ పట్టుకుని నించుని, తల్లి సంగతీ, ముప్ఫై ఒక్కేళ్ల సంగతీ, జూన్‌లో రిటైర్‌మెంటు సంగతీ అంతా చెప్పేశాడు. చయనులుగారు కఠినాత్ములేం కాదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. తరవాత బల్లమీద మెల్లగా ఒక దెబ్బ వేశారు.

"ఇన్‌ఛార్జి!"

"ఏటండీ?"

"ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఇన్‌ఛార్జి వేస్తే తీరని సమస్య నేను చూడలేదు. తహసీల్దారు లేకపోతే ఇన్‌ఛార్జి, డాక్టరు లేకపోతే ఇన్‌ఛార్జి. ఆ పదహారు బార్లపాటు నిన్ను ఇన్‌ఛార్జి ఆర్.ఐ.గా వేస్తాను. అప్పుడు నువ్వు ఎంత గట్టిగా వాయించినా ఏ కింది ఉద్యోగీ వాయించినట్టు కాదు. బార్లు అయిపోగానే చార్జి తిరిగి అప్పగించేయ్. పత్రాలు నాలుగు కాపీలు, రెండువైపులా సంతకాలు. సరేనా?"

దావీదురాజు సరేనన్నాడు. ఆ క్షణంలో అతనికి చయనులుగారి కాళ్లకు మొక్కాలనిపించింది. తరవాత జరిగినదానికి ఈ సరే అనే మాటే మూలమని అతను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాడు.

ఆలోచన కమాండెంట్‌గారికి విపరీతంగా నచ్చింది. నచ్చడంతో ఆగలేదు. ఒక హెడ్ కానిస్టేబులుకు ఇన్‌ఛార్జి ఇచ్చి, రెండు బార్లు ముందుండి పాడే సిమ్మన్నకు ఇవ్వకపోతే అది వివక్ష అవుతుందన్నారు. ట్రాంబోన్లు ఒకచోట ఏఎస్సైల కంటే గట్టిగా మోగుతాయి, వాళ్లకూ ఇవ్వాలన్నారు. లెక్క తేలేసరికి నాలుగు నిమిషాల పాటలో ఇరవై మూడు చోట్ల చార్జి చేతులు మారవలసి వచ్చింది. సిమ్మన్న ఒక్కడే పాట ముగిసేలోపు రెండుసార్లు హెడ్ కానిస్టేబులూ, ఒకసారి ఏఎస్సైయీ అయి, మళ్లీ కానిస్టేబులై ఇంటికి పోతాడు. తూబాలూ కార్నెట్లూ మాత్రం మళ్లీ ఎవరి గొంతుతో వాళ్లు పలకడం మొదలుపెట్టాయి. గురునాథం సెలవు రద్దు చేసుకుని వచ్చాడు.

బ్యాండు నడుస్తూ వాయిస్తుంది కాబట్టి బల్లలు కూడా నడవాలి. ఇద్దరు గుమాస్తాలను బ్యాండుకు కేటాయించారు. రైళ్లలో పల్లీలమ్మేవాళ్లకు మల్లే చెక్క పళ్లేలు మెడకు తగిలించుకుని, వాటిమీద పత్రాలు, కార్బన్ కాగితాలు, రబ్బరు స్టాంపు, స్టాంపు ప్యాడు పెట్టుకుని, వాళ్లు రెండో వరుసకూ మూడో వరుసకూ మధ్య కవాతు చేశారు. ఆర్.ఐ. చార్జి ఇచ్చేసిన మరుక్షణం పట్నాయక్‌గారికి ఏ బాధ్యతా ఉండదు. పోస్టింగు కోసం నిరీక్షణలో ఉన్న అధికారిగా వరుసలోంచి పక్కకు వచ్చి నించోవాలి. సాధనలో ఆయనకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. ఆ కాస్త వ్యవధిలో టీ తాగేవారు.

మొదటి సాధనలో నాలుగు నిమిషాల పాట గంటా మూడు నిమిషాలు పట్టింది. పెరేడులో బ్యాండుకు ఇచ్చిన సమయం పన్నెండు నిమిషాలు. సమీక్షా సమావేశం పెట్టారు. గుమాస్తాలు రాత్రింబవళ్లు శ్రమించారని చెప్పలేం కానీ, పది రోజుల్లో వాళ్లు ఒక్కో చార్జి మార్పిడిని పాతిక సెకన్లకు దించారు. సెల్యూట్, పత్రం, సంతకం, స్టాంపు, సంతకం, సెల్యూట్. చూస్తే నిజంగానే ముచ్చటగా ఉంది. కమాండెంట్ చప్పట్లు కొట్టారు.

"అద్భుతం. ఇంకొంచెం చురుగ్గా సాగాలి. ఆలస్యం ఎక్కడ జరుగుతోంది?"

చయనులుగారు కాగితం చూసి చెప్పారు. "మార్పిడులకు తొమ్మిదిన్నర నిమిషాలు పడుతోంది సార్. మిగతా ఆలస్యమంతా పాట వల్ల జరుగుతోంది."

"అయితే పాట తగ్గించండి."

దావీదురాజు తగ్గించాడు. కార్నెట్లు ఊరంతా తిరిగి వచ్చేవి, ఇప్పుడు గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాయి. చెరిగే ట్రాంబోన్లు చేట పట్టుకున్నట్టు పట్టుకుని దించేశాయి. అతని పదహారు బార్లు ఎనిమిదయ్యాయి. రాజధాని నుంచి ముఖ్య అతిథిగా అదనపు కార్యదర్శి వస్తున్నారని తెలిశాక ప్రతి మార్పిడికీ ఇంకో సెల్యూట్ కలిపారు. ఎనిమిది నాలుగయ్యాయి. పెరేడుకు రెండు రోజుల ముందు, స్టాంపు సరిగ్గా పడటం లేదని సమయం పెంచితే, నాలుగు ఒకటైంది.

ఒక్క బారు. నాలుగు దెబ్బలు. తల్లి షామియానాలో చీర కొంగు సర్దుకునే లోపు అయిపోతుంది.

దావీదురాజు ఆ సాయంత్రం పట్నాయక్‌గారి దగ్గరికి వెళ్లి మొర పెట్టుకున్నాడు. ఆయన తలగోక్కుని, "నువ్వు వాయించేటప్పుడు చార్జి నా దగ్గర ఉండదు కదోయ్, నేనేం చెప్పను?" అన్నారు. తప్పించుకోవాలని అన్న మాట కాదు, ఉన్న నిజమే అన్నారు. దావీదురాజు ఇల్లు చేరేదాకా ఆ మాటే నమిలాడు. ఇంట్లో రూతమ్మ పెరేడుకు కట్టుకోవలసిన తెల్లచీర ఉతికి ఆరేస్తోంది.

"ఈపాలి నాకు ఇనబడతాదన్నావు కదరా?"

"ఇనబడతాదే అమ్మా," అన్నాడు. తల్లితో అబద్ధమాడానని అన్నం సయించలేదు.

ఆవిర్భావ దినం రానే వచ్చింది. ఎండ అప్పుడప్పుడే చురుక్కుమంటోంది. వేదిక మీద అదనపు కార్యదర్శిగారు, పక్కన కమాండెంట్, వెనక ఫైళ్లతో చయనులుగారు. ఎడమవైపు షామియానాలో ముందు వరుసలో తెల్లచీర. తొమ్మిదీ ఎనిమిదికి పట్నాయక్‌గారు నిశ్శబ్ద వాద్యం ఊపారు. తూబాలు రెండు పోట్లు వేశాయి. సెల్యూట్, పత్రం, సంతకం, స్టాంపు. సిమ్మన్న హెడ్ కానిస్టేబులై నాలుగు స్వరాలు పలికి కానిస్టేబులయ్యాడు. సెల్యూట్, పత్రం. అదనపు కార్యదర్శిగారు ముందుకు వంగి ఆసక్తిగా చూశారు.

"ఇది ఏ పథకం కింద చేస్తున్నారు?" అని అడిగారు.

"సొంత చొరవ సార్," అన్నారు కమాండెంట్.

తొమ్మిదీ పద్నాలుగుకు ఆర్.ఐ. చార్జి దావీదురాజుకు వచ్చింది. పట్నాయక్‌గారు అప్పగించినట్టు సంతకం చేశారు, అతను స్వీకరించినట్టు సంతకం చేశాడు. ఆయన పక్కకు వెళ్లి నిరీక్షణలో నించున్నారు. మైదానం నిశ్శబ్దమైంది. దావీదురాజు యూఫోనియం రొమ్ముకు ఆనించుకుని, గుండెనిండా ఊపిరి తీసుకుని, నాలుగు దెబ్బలు వాయించాడు.

గుమాస్తా అప్పగింత పత్రం, కలం ముందుకు చాచాడు. దావీదురాజు చూశాడు. కుడిచెయ్యి మీటల మీద ఉంది. ఎడమచెయ్యి వాద్యాన్ని మోస్తోంది. రెండు చేతులూ ఖాళీ లేవు. అతను అయిదో దెబ్బ వాయించాడు.

రెండో బారు వచ్చింది. మూడోది వచ్చింది. "సంతకం సార్," అన్నాడు గుమాస్తా, చిన్నగా. చార్జిలో ఉన్న ఆర్.ఐ.ని ఒక గుమాస్తా అంతకంటే గట్టిగా అడగకూడదు. పద్నాలుగు నెలలుగా కాగితం మీదే ఉండిపోయిన పాట ఇప్పుడు మైదానం మీద నెమ్మదిగా, బొంగురుగా, తియ్యగా నడిచింది.

వేదిక మీద కమాండెంట్ పళ్లు నూరుతూ పట్నాయక్‌గారిని సైగచేసి పిలిచారు. "ఆపించండి!"

"నాకు చార్జి లేదు సార్. నిరీక్షణలో ఉన్నాను."

"చయనులుగారూ!"

చయనులుగారు అప్పటికే రూల్సు పుస్తకం తిరగేస్తున్నారు. "చార్జిలో ఉన్న అధికారిని ఆయన సంతకం లేకుండా తప్పించాలంటే ముందు సంజాయిషీ మెమో ఇవ్వాలి సార్. జవాబుకు ఏడు రోజులు గడువివ్వాలి."

"అంటే ఏడు రోజులు వాయిస్తాడా?"

"రూలు ప్రకారం వాయించవచ్చు సార్."

పదహారు బార్లూ అయ్యాయి. తెల్లచీర కదల్లేదు. ఇంతా చేసి ఆవిడ వినలేదా, లేక ఎండకు కునుకు పట్టిందా? దావీదురాజు మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. అప్పుడు అతని వెనక నేల కదిలినట్టయింది. ఏఎస్సై గురునాథం తూబా ఎత్తి రోకటి పోటు వేశాడు. పై అధికారి మొదలుపెట్టాక, ఆయనకంటే కింది స్థాయిలో, ఆయనకంటే మెల్లగా. మెమో ప్రకారం ఒక్క తప్పూ లేదు. మిగతా ముగ్గురూ కలిశారు. దుబ్, దుబ్, దుబ్. కార్నెట్‌కు ఆ కింది స్థాయి అందదు కాబట్టి సిమ్మన్న వాయించలేదు. అటెన్షన్‌లో నించుని ఏడ్చాడు.

షామియానాలో రూతమ్మ లేచి నించుంది. ముందు కుడిచెయ్యి లేచింది, లేని రోకలిని గుప్పిట పట్టి. తూబా పోటుకు దిగింది. మళ్లీ లేచింది. ఈసారి ఎడమచెయ్యి పట్టుకుంది. పక్కనున్న ఆడవాళ్లు కుర్చీలు జరిపి చోటిచ్చారు. నోరు కదులుతోంది, పాడుతోంది. అంత దూరం మాట వినబడదు, కానీ ప్రతి పోటూ సరిగ్గా దెబ్బ మీద పడుతోంది. దావీదురాజుకు కళ్లు కనబడటం మానేశాయి. వేళ్లకు పాట తెలుసు కాబట్టి వాయించుకుంటూ పోయాడు. ముప్ఫై ఒక్కేళ్లలో అంత ఆనందం అతనికి ఎన్నడూ కలగలేదు.

అలా అయిదుసార్లు వాయించాడు. ఆవిడ అలసి, కొంగుతో మొహం తుడుచుకుని, కూర్చున్నాక ఆపాడు. కలం తీసుకుని నాలుగు కాపీల మీదా సంతకం చేశాడు. టైము తొమ్మిదీ ఇరవై ఒకటి. అదనపు కార్యదర్శిగారు లేచి చప్పట్లు కొట్టారు కాబట్టి కమాండెంట్‌గారూ కొట్టవలసి వచ్చింది.

చప్పట్లు కొట్టినంత మాత్రాన వదిలేస్తే శాఖ ఎలా నడుస్తుంది? సోమవారం నాడు విచారణకు ఉత్తర్వు తయారైంది. బ్యాండులో జరిగిన ఏ తప్పుమీదైనా విచారణ జరపవలసింది ఆ సమయంలో చార్జిలో ఉన్న ఆర్.ఐ.యే. పట్నాయక్‌గారు తాను జరపలేనన్నారు, ఆ ఏడు నిమిషాలూ ఆయన ఎవరో ఆయనకే తెలియదు. చయనులుగారు పుస్తకాలన్నీ చూసి, వేరే దారి లేదని తేల్చి, మెమోను "శ్రీ కె. దావీదురాజు, ఇన్‌ఛార్జి ఆర్.ఐ. (ఉ. 9.14 నుండి 9.21 వరకు)" పేరుమీద పంపారు. హెడ్ కానిస్టేబుల్ కె. దావీదురాజు నుంచి సంజాయిషీ తీసుకుని, సాక్షులను విచారించి, తన అభిప్రాయంతో నివేదిక పంపమని అందులో ఉంది.

దావీదురాజు తనకు తాను మెమో ఇచ్చుకుని, అందినట్టు సంతకం చేసి, ఏడు రోజుల గడువూ పూర్తిగా వాడుకున్నాడు. ఎనిమిదోరోజు నివేదిక ఆఫీసుకు చేరింది. చయనులుగారు దాన్ని రెండుసార్లు చదివారు. తప్పు పట్టడానికి ఎర్రసిరా కలం తీశారు, మళ్లీ జేబులో పెట్టేసుకున్నారు. కమాండెంట్‌గారికి పంపకుండా, "ఫైలు చేయవచ్చు" అని రాసి బీరువాలో పెట్టారు. నివేదిక ఇలా ఉంది:

"పై విషయమై విచారించగా, సదరు హెడ్ కానిస్టేబులు తనకు మంజూరైన ఒక్క బారుకు బదులు పదహారు బార్లు, అయిదు పర్యాయములు వాయించిన మాట వాస్తవమే. ఈ సందర్భమున కొల్లి రూతమ్మ, వయస్సు సుమారు 79 సంవత్సరములు, అను సాక్షిని విచారించడమైనది. సాక్షి సదరు శబ్దమును తన కుమారునిదిగా గుర్తుపట్టినది. కావున తదుపరి చర్య ఏదియు అవసరము లేదు."